నికెల్ తొట్టిలో అక్క గొంతు

రికార్డుల ఫ్యాక్టరీ వెనక సందు,
మేడమీది గది

అక్కా,

ఉద్యోగం దొరికింది. 'ఇది ఎన్నాళ్ళు?' అని అడక్కు. పోయినసారి అచ్చాఫీసులో వాళ్ళు నన్ను గెంటారు తప్ప నేను మానలేదు. ఆ తేడా నువ్వూ బావా ఎప్పటికీ ఒప్పుకోరు.

ఇది గ్రామఫోను రికార్డులు చేసే ఫ్యాక్టరీ. నేనుండేది తొట్ల షాపులో. పొడుగాటి గది, గోడ వారగా తొట్లు, వాటి నిండా నికెల్ కరిగిన పచ్చటి నీళ్ళు. పూత పని అనుకునేవు, అందరూ అదే అనుకుంటారు. మా ఇంటి ఓనరు అప్పుడే తాళంచెవికి పూత వేసిపెట్టమన్నాడు. పూత వేరు, మాది వేరు. పూత అంటుకుని ఉండిపోవాలి, ఊడితే తప్పు. మాది ఊడి రావాలి, అంటుకుంటే తప్పు. ఒక అచ్చు మీద కరెంటుతో లోహాన్ని కణం కణంగా పెంచుతాం. తగినంత మందం వచ్చాక ఒలుస్తాం. అచ్చు మీద వెంట్రుకలో సగం గీత ఉన్నా సరే, దీని మీద దిగి తీరుతుంది. ఎలక్ట్రోఫార్మింగ్ అంటారు.

దీని కథ నికెల్ అమ్మే కంపెనీవాళ్ళు పంచిన చిన్న పుస్తకంలో చదివాను. (అవును, మళ్ళీ కరపత్రాలే. ఇక్కడ నా పేరే 'కరపత్రం' అయిపోయింది.) మన ముత్తాతల కాలంలో ఎక్కడో చలిదేశంలో ఒక శాస్త్రవేత్త, బ్యాటరీలతో ఏదో చేస్తూ, రాగిరేకు మీద పేరుకున్న రాగిని ఒలిచి చూశాడట. కింది రేకు మీది గీతలన్నీ ఈ పొర మీద తిరగబడి దిగి ఉన్నాయి! ఇంకొకడైతే చెత్తబుట్టలో పడేసేవాడు. ఆయన ఆగి చూశాడు. ఆ చూపు నుంచి ఎన్ని పుట్టాయో చూడు. చెక్క మీద చెక్కిన బొమ్మలు అరగకుండా రాగి నకళ్ళు తీసి పుస్తకాలు అచ్చేశారు. పోత పోయకుండానే పెద్ద పెద్ద విగ్రహాలు పెంచారు. ఇప్పుడు విమానాల్లో రేడారు గొట్టాలు, చక్కెర మిల్లుల్లో సన్న జల్లెళ్ళు, గడ్డం గీసే మిషను మీది చిల్లుల రేకు, అన్నీ తొట్లోంచి లేచినవే. బావ బుగ్గకి శ్రామికుల చెమట తగులుతోందని చెప్పు.

గదిలో మాత్రం గాలి ఆడదు. తొట్ల ఆవిరి, ఒక మూల అమ్మోనియా ఘాటు. ఆ మూల కూచుని అచ్చుల మీద వెండి చిమ్మే ఆవిడని అందరూ 'వెండొదిన' అంటారు. ఆవిడ చేతులు మోచేతుల దాకా ఎర్రగా పగిలి ఉంటాయి. నికెల్ దురదట. "ఫ్యాను అడగలేదా వదినా?" అన్నాను. "అడిగాం బాబూ. తలుపు తీసుకోమన్నారు. తీస్తే దుమ్ము పడి ప్లేట్లు పోతాయి, పోతే తిట్లు మాకే" అని నవ్వింది. ఆ నవ్వుకి నా ఒళ్ళు మండిపోయింది. మేనేజరుదీ నవ్వే. ఆయన్ని 'ఇకిలింపు' అంటాం. ఈ ఫ్యాను సంగతి నేను తేలుస్తాను, చూస్తూండు.

నీ తమ్ముడు


బస్టాండు, మైకు గది,
బస్సుకీ బస్సుకీ మధ్య

ఒరేయ్ కుంపటీ,

నీ ఉత్తరం కవరు మీద చెయ్యి పెడితేనే కాలింది. ఆవిడెవరో నవ్వితే నీ ఒళ్ళు మండటమేమిట్రా? నవ్వేవాళ్ళందరి మీదా కోపమైతే నాతో ఇన్నాళ్ళెలా బతికావు?

చెమట సంగతి మీ బావకి చదివి వినిపించాను. "మీ తమ్ముడి చెమట నా మొహానికొద్దు, నేను బ్లేడే వాడతాను" అన్నాడు.

నీ మేనకోడలు పిచ్చుక బాగుంది. మూడేళ్ళకే నన్ను మించిపోయింది. నేను మైకులో బస్సులు పిలుస్తుంటే బల్ల కింద కూచుని తనూ పిలుస్తుంది: "చెక్క ఏనుగు బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది!" నా మీద డ్రైవర్లందరిదీ ఒకటే ఫిర్యాదు, మీ బావ బస్సుని రెండుసార్లు పిలుస్తానని. పిలుస్తాను. మొగుడి బస్సు ఖాళీగా పోతే నాకేం మర్యాద?

ఇంకో విషయం. కొన్నాళ్ళుగా నా గొంతు బొంగురుపోయింది కదా, అది జలుబు కాదట. పెద్దాసుపత్రిలో చూశారు. మాట పుట్టే పెట్టెలోనే గడ్డ ఉందన్నారు. పెట్టె మొత్తం తీసేస్తే మనిషి దక్కుతుంది, మాట దక్కదు. "ఒప్పుకుంటారా?" అని డాక్టరు అడిగాడు. "ఒప్పుకోకేం? పిల్లకి అమ్మ కావాలి గాని ఉత్త గొంతునేం చేసుకుంటుంది?" అని టకీమని అనేశాను. ఇంటికొచ్చాక తలుపేసుకుని, పిల్ల పేరు రకరకాలుగా పిలిచి చూసుకున్నాను. కోపంగా, ముద్దుగా, దూరం నుంచి పిలిచినట్టుగా. ఎన్ని రకాలున్నాయో నాకే తెలీదురా.

ఇక్కడ ఫొటో స్టూడియో వెనక మాట చెక్కే మిషను ఉంది. మెత్తటి నల్లపళ్ళెం మీద అప్పటికప్పుడు చెక్కి ఇస్తారు. కానీ కొన్నాళ్ళు పెట్టి వింటే అరిగి బుసబుస తప్ప మిగలదన్నాడు. మీ తొట్లలో దానికేమైనా దారుందా? లేకపోతే లేదు, గింజుకోకు.

అక్క


తొట్ల షాపు,
సామాను పెట్టెల మీద నుంచి

అక్కా,

బావ గడ్డం ముందూ, నీ గొంతు వెనకానా! అలా రాస్తారా ఎవరైనా? నా మొహం మీద నవ్వు ఇంకా ఉంది, అలాగే కింది లైను చదివాను. నీ మీద కోపంతో కాగితాలకి కాగితాలు రాసి చింపేశాను. ఇది చింపనిది.

దారి ఉంది. అసలు మా షాపు ఉన్నదే దానికి. జాగ్రత్తగా చదువు.

నీ మెత్తరికార్డు మీద వెండొదిన వెండి చిమ్ముతుంది, కరెంటు పారడానికి. దాన్ని తొట్టిలో వేలాడదీస్తే పొద్దుటినించి సాయంత్రం దాకా నికెల్ పెరుగుతుంది. ఒలిస్తే నీ గాడులన్నీ గట్లై లేచిన ప్లేటు వస్తుంది. దాన్ని తండ్రి అంటాం. తండ్రి మీద మళ్ళీ పెంచి ఒలిస్తే తల్లి. తల్లి మీద పెంచితే బిడ్డలు. ఆ బిడ్డలతో ఎన్ని రికార్డులైనా నొక్కుకోవచ్చు. పిచ్చుక మనవలు కూడా నిన్ను వింటారు!

దాచకుండా రెండు సంగతులు చెప్పాలి. ఒలిచేటప్పుడు మెత్తరికార్డు పాడైపోతుంది. రెండోసారి ఉండదు. ఇంకోటి, తొట్టిలో ఉండగా కరెంటు ఆగకూడదు. ఆగితే నికెల్ మీద కంటికి కనపడని పొర కడుతుంది. మళ్ళీ కరెంటు పెట్టినా కొత్త లోహం పాతదాన్ని పట్టుకోదు, రెండూ విడివిడిగా లేచిపోతాయి. మెత్తరికార్డుని ఎక్కువ వారాలు ఉంచినా గాడులు కుంగుతాయి. కాబట్టి చెక్కిన రోజే పంపు.

ఇకిలింపుని అడిగాను. కాదంటాడని చొక్కా చేతులు మడిచి మరీ వెళ్ళాను. "అయ్యో, అక్కగారిదా? తప్పకుండా" అన్నాడు. మడిచిన చేతులు ఏం చెయ్యాలో తెలీలేదు.

ఏం మాట్లాడతావో బాగా ఆలోచించుకో.

నీ తమ్ముడు


ఇల్లు, కుట్టుమిషను బల్ల

కుంపటి నాయనా,

తండ్రి మీంచి తల్లి పుట్టడమేమిట్రా? మీ షాపులో వరసలు పెట్టిన మహానుభావుడికి పెళ్ళి కాలేదనుకుంటాను.

నిన్న చెక్కించాం. పళ్ళెం విడిగా పంపిస్తున్నాను, మీ బావ దుప్పట్లో పెట్టి, పెట్టెలో పెట్టి, ఆ పెట్టెని ఇంకో దుప్పట్లో చుట్టాడు. విప్పడానికే నీకు ఒక పూట పడుతుంది.

స్టూడియో అతను "పాట పాడండమ్మా, అందరూ పాటే పాడతారు" అన్నాడు. "పాటలు ఎవరైనా పాడతారు, మా పిల్లని నాలా తిట్టేదెవరు?" అన్నాను. నోరు తెరిచాడు. అందుకని మా ఇంట్లో ఒక రోజంతా అందులో పెట్టాను. పొద్దున్న లేపడం దగ్గర మొదలు. "లే. లేచావా? మరి ఆ దుప్పటి కింద కదిలేదెవరు?" తర్వాత మొహం కడగటం. "చెవుల వెనక. చెవుల వెనక అన్నాను, చెవులు కాదు." తర్వాత తినిపించడం, ఎండలోకి వెళ్తే కేకలెయ్యడం. పళ్ళెం అంచు నుంచి లోపలికి తిరుగుతుందట కదా, లోపలికి వెళ్ళేకొద్దీ మధ్యాహ్నం నిద్ర వేళకి వచ్చాను. అక్కడ నాకు గొంతు నిలబడలేదు. అద్దం వెనక ఆ మిషను అతను గట్టిగా ముక్కు చీదాడు. అది కూడా పడిందేమో చూడు, పడితే ఉంచెయ్యి.

ఎల్లుండి ఆసుపత్రిలో చేరుతున్నాను. దీని తర్వాత నేను నిన్ను తిట్టాలంటే కాగితం, కలం వెతుక్కోవాలి. నీకు భలే కలిసొచ్చింది.

అక్క


ఆసుపత్రి, కిటికీ పక్క మంచం

కుంపటీ,

అయిపోయింది. మెడ కింద చిన్న కంత పెట్టారు, ఊపిరి అక్కణ్ణించే. దగ్గితే అక్కణ్ణించే. నొప్పి ఓర్చుకోగలిగినంతే.

ఇవాళ పిచ్చుకని తీసుకొచ్చారు. నన్ను చాలాసేపు చూసింది. "మాట్లాడు" అంది. పెదాలు కదిపాను. "గట్టిగా" అంది. మళ్ళీ కదిపాను. "గట్టిగా అమ్మా" అంది. మీ బావ దాన్ని బస్సు చూపిస్తానని బయటికి తీసుకెళ్ళాడు.

ప్లేటు ఎంతవరకు వచ్చింది?

అక్క


మేడమీది గది

అక్కా,

నీ ఉత్తరం జేబులోనే ఉంది. తీసి రెండోసారి చదవలేకపోతున్నాను.

ప్లేటు ఇంకా తొట్టిలోకి వెళ్ళలేదు. రోజూ అడుగుతున్నాను. "రేపు తమ్ముడూ, రేపు" అంటాడు ఇకిలింపు. నీకు చెప్పకుండా దాచాను, ఇంక దాచలేను. పూర్తిగా విను.

వెండొదిన కుడిచెయ్యికి చీము పట్టింది. గ్లాసు పట్టుకోలేకపోతోంది. మేమంతా కూచుని సమ్మె నోటీసు ఇచ్చాం. గదికి ఫ్యాను, చేతులకి తొడుగులు. ఇవ్వకపోతే వచ్చే సోమవారం మధ్యాహ్నం బెల్లుకి కరెంటు ఆపుతాం. నోటీసు రాసింది నేనే. పోయినేడు కూడా ఇదే ఫ్యాను కోసం సమ్మె చేశారట. ప్రతివాడూ 'నా తొట్టిలో ఒక్క అర్జంటు ప్లేటుంది' అన్నాడు. అన్ని తొట్లకీ కరెంటు ఇచ్చే మిషను ఒకటే. ఒకటి నడిస్తే అన్నీ నడుస్తాయి. ఆ ఒక్కదాని చాటున సాయంత్రానికి అన్ని తొట్లూ నిండాయి, సమ్మె ఆవిరైపోయింది. అందుకే నేను ఎర్రసిరాతో పెద్దక్షరాల్లో రాశాను: 'ఏ తొట్టికీ మినహాయింపు లేదు.'

ఇవాళ ఇకిలింపు పిలిచాడు. "అక్కగారి ప్లేటు సోమవారం పొద్దున్నే పెట్టిస్తున్నాను. సాయంత్రానికి అయిపోతుంది. నా మాటంటే మాటే" అన్నాడు. నవ్వుతున్నాడు అక్కా. అన్నీ తెలిసి నవ్వుతున్నాడు. వద్దు, తర్వాత పెట్టండి అందామంటే, మెత్తరికార్డు ఇప్పటికే పాతబడింది. సమ్మె ఎన్ని వారాలు పడుతుందో, అప్పటిదాకా గాడులు నిలవవు.

వెండొదిన "ఒక్కరోజు వెనక్కి జరుపుదాం బాబూ, ఎవరూ ఏమీ అనరు" అంటోంది. పోయినేడు కూడా ఎవరూ ఏమీ అనలేదు. అనకుండానే ఇళ్ళకెళ్ళిపోయారు.

ఏం చెయ్యను? నువ్వే చెప్పు.

నీ తమ్ముడు


ఇల్లు, మంచం మీద నుంచి

ఒరేయ్,

ఆపకు.

నేను మంచి అక్కనైతే 'నీ ధర్మం నువ్వు చెయ్యి తమ్ముడూ' అని రాయాలి. కలం పట్టుకుని చూశాను, రాయలేకపోయాను. మీ వెండొదిన చేతులు బాగుపడాలనే నాకూ ఉంది. ఆవిడకి దణ్ణం పెడతానని చెప్పు. కానీ ఆవిడే ఒక్కరోజు అంటోంది కదరా. నువ్వెందుకు కాదంటావు?

నోటీసు నువ్వు మళ్ళీ రాసుకోగలవు. ఆ పళ్ళెంలో ఉన్నది నేను మళ్ళీ అనలేను. పిల్ల ఈమధ్య నా మొహం చూడటం మానేసింది. పెదాలు ఊరికే కదులుతుంటే భయమేస్తోందేమో. వాళ్ళ నాన్నతోనే మాట్లాడుతుంది, నేను గదిలోకి వస్తే బల్ల కిందకి పోతుంది. నాకు ఆ రికార్డు కావాలి. సరదాకి కాదు, అవసరానికి.

ఇది బతిమాలడం. నేను బతిమాలితే ఎలా ఉంటుందో నీకు తెలీదు, అందుకని చెప్తున్నాను.

ఒక్కరోజు వెనక్కి జరపండి.

అక్క


తొట్ల షాపు గేటు బయట,
సోమవారం

అక్కా,

నీ జవాబు ఇంకా రాలేదు. పొద్దున్న పోస్టుమాన్ కోసం సందు చివర నిలబడ్డాను. రాలేదు.

పొద్దున్నే వెండొదిన కుడిచేతి కట్టు పక్కకి ఎత్తిపెట్టి, ఎడం చేత్తో నీ పళ్ళెం మీద వెండి చిమ్మింది. అద్దంలా మెరిసింది. మొదటి తొట్టిలో దించారు. బెల్లు టైము దగ్గరపడేకొద్దీ అందరూ నన్ను చూడటం, నేను చూస్తే తలలు తిప్పుకోవడం. "వదిలేద్దాం కరపత్రం, రేపు ఆపుదాం" అన్నారు ఇద్దరు ముగ్గురు. నేను కూడా ఆ మాటే అనబోయాను. నిజం. నోటిదాకా వచ్చింది.

అప్పుడు ఇకిలింపు లోపలికొచ్చాడు. వెనకే ఇద్దరు మనుషులు, చేతుల్లో మిగతా తొట్లకి కావలసిన ప్లేట్లన్నీ పట్టుకుని. నా పక్కన నిలబడి, తొట్టిలోకి చూస్తూ, "ఎంత బాగా పెరుగుతోందో మీ అక్క" అన్నాడు. నవ్వాడు.

బెల్లు మోగింది. మెయిను స్విచ్చి నేనే లాగాను.

మిషను హోరు ఆగిపోయాక గది ఎంత పెద్దదో తెలిసింది. వెండొదిన ఒక్క కేక వేసింది. నేను పళ్ళెం పైకి తీసి, కడిగి, బట్టలో చుట్టి ఆవిడ చేతికిచ్చాను. దాని మీద నికెల్ ఉంది. కానీ ఒక్క పూట పెరిగిందే, పల్చగా, వేలితో నొక్కితే లొంగేటంత. ఒలిస్తే ఏమవుతుందో తెలీదు. తెలీదని రాస్తున్నాను గాని, తెలుసు.

అందరం బయటికొచ్చేశాం. ఒక్క తొట్టి కూడా నడవడం లేదు.

నీ తమ్ముడు


ఇల్లు

నన్ను అడిగావు. జవాబుకి ఆగలేదు. అది అడగడం కాదు.

ఆయన నవ్వి ఉండకపోతే లాగేవాడివా? ఈ ఒక్కటీ చెప్పు. ఆ ఆడమనిషి చేతుల కోసం లాగితే ఎప్పటికో ఒకప్పటికి నాకు సర్దుకుంటుంది. నీ కోపం కోసం లాగితే, ఇంట్లో నువ్వు పగలగొట్టినవాటిలో నా గొంతూ ఒకటి, అంతే.

కొన్నాళ్ళు రాయకు.

ఆవిడ చేతులకి ఆసుపత్రిలో అడిగి మందు తెచ్చాను, పార్సిల్లో వేశాను. అది నీకు కాదు.


తొట్ల షాపు

అక్కా,

రాయొద్దన్నావు. ఇది ఉత్తరం కాదు, పార్సిలు మీద కట్టే చీటీ. పార్సిలు విప్పకపోయినా ఇది చదువు.

నీ ప్రశ్నకి జవాబు. తెలీదు. వదిన చేతులూ ఉన్నాయి, ఆయన నవ్వూ ఉంది. ఏది ఎంతో విడదీసి చూద్దామని రోజూ కూచుంటున్నాను, ఊడి రావడం లేదు. సమ్మె చెయ్యకుండా ఉండాల్సిందని అనలేను. కానీ నీ జవాబుకి ఒక్క పూట ఆగి ఉండాల్సింది. ఆ ఒక్క పూట నా దగ్గర ఉంది, ఇవ్వలేదు.

సమ్మెకి ఫ్యాక్టరీ దిగొచ్చింది. గోడకి కంత కొట్టి ఫ్యాను పెట్టారు. తొడుగులొచ్చాయి. సంతకాల రోజున కాగితం చదువుతుంటే మూడో షరతు ఒకటుంది, నేను రాయనిది: 'కరపత్రం వాళ్ళక్క ప్లేటుని షాపు పూర్తి చెయ్యాలి.' వెండొదిన పెట్టించింది. "మొదటి రెండూ ఇచ్చి ఇది ఇవ్వనంటే మళ్ళీ బయటికెళ్దామని అందరితో ఒట్టు వేయించుకున్నాను" అంది. నాకు చెప్పలేదు, నేను తగువేసుకుంటానని. ఇకిలింపు ఆ రోజు నవ్వలేదు. నేనూ దాన్ని చూసి సంతోషించలేదు.

ఒలిచాం. వదిన, నేను, చెరోవైపు పట్టుకుని. తొట్టిలో కరెంటు ఎప్పుడూ అంచులకే ఎక్కువ పాకుతుంది. అంచు లావు, నడిమి పల్చన. రోజూ మేం తిట్టుకునే తలనొప్పి అది. అదే ఆదుకుంది. బయటి సగం నిలబడింది. లోపలి సగం తడి కాగితంలా చిరిగిపోయింది. చిరిగినచోట వెనకనించి రేకు అతికాం. అక్కడ మాట లేదు, నునుపే. దాని మీద తల్లిని పెంచాం, తల్లి మీద బిడ్డని. రికార్డు నొక్కాం. నువ్వు లేపడం ఉంది, కడగడం ఉంది, తినిపించడం, ఎండ. మధ్యాహ్నం నిద్ర ముక్క పోయింది. అది నా వల్ల పోయింది.

నేను వినలేదు. వదిన వింది. "చెవుల వెనక కడుక్కోమంటోంది మీ అక్క" అంది. షాపులో అందరూ చెవుల వెనక తడుముకున్నారు.

నీ మందుకి ఆవిడ చేతులు మానుతున్నాయి.

తమ్ముడు


ఇల్లు, చాప మీద నుంచి

కుంపటీ,

పార్సిలు వచ్చి చాలా రోజులైంది. చీటీ చదివి, రికార్డుని బీరువా మీద పెట్టేశాను. మీ బావ దాని కింద నుంచి తిరుగుతూ ఒక్క మాట అనలేదు. నాకు పోటీగా ఆయనా మూగవాడైపోయాడు. చివరికి నిన్న సెలవుపెట్టి, పక్కింటి గ్రామఫోను మోసుకొచ్చి, బల్ల మీద పెట్టి నా మొహం చూశాడు. సరే అన్నట్టు తలూపాను.

ముందు నీకు చెప్పవలసింది చెప్పేస్తాను. నా కోపం పోలేదు. పూర్తిగా పోతుందని కూడా అనుకోను. దాన్ని పెట్టుకునే నీతో ఉండాలి. ఉంటాను. నాకు ఉద్యోగం బస్టాండు పార్సిల్ గదిలో ఇచ్చారు, మాట్లాడక్కర్లేదు, అతికించడమే. నీకు సెలవు దొరికినప్పుడు రా. ఆ వదినని కూడా తీసుకురా.

ఇంక నిన్నటి సంగతి.

ముల్లు పెట్టగానే "లే" అన్నాను. నేనే. ఒరేయ్, నా గొంతు అంత గట్టిదా? ఎవరూ చెప్పలేదేం? పిచ్చుక కుట్టుమిషను కింద ఆడుకుంటోంది. బయటికొచ్చి నా నోరు చూసింది. గ్రామఫోను పెట్టెని చూసింది. మళ్ళీ నా నోరు. "చెవుల వెనక అన్నాను, చెవులు కాదు" అంది పెట్టె. పిల్ల గబగబా కుళాయి దగ్గరికి వెళ్ళి కడుక్కుని, నీళ్ళు కారుతూ వచ్చి, తల తిప్పి చెవి వెనక చూపించింది. పెట్టెకి కాదు. నాకు. వేలితో తుడిచి చూసి, బాగుంది అన్నట్టు బుగ్గ గిల్లాను. ఆసుపత్రి తర్వాత అది నా దగ్గరికి తనంతట తను రావడం అదే మొదటిసారి.

పెట్టె తినమంది, పిల్ల తింటానంది. ఎండలోకి వెళ్ళొద్దంది, వెళ్ళనంది. అక్కడితో పెట్టెలో నేను ఆగిపోయాను. బుసబుస. మీ బావ ముల్లు ఎత్తేశాడు. పిల్ల ఇంకా ఉందేమోనని చూస్తోంది. అప్పుడు నాకు నీ మీద మళ్ళీ పట్టలేని కోపం వచ్చింది. గోడకి తిరిగి కూచున్నాను. నేను ఏడిస్తే చప్పుడు రాదు కదా, ఎవరికీ తెలీదనుకున్నాను.

పిచ్చుక నా చెయ్యి పట్టుకుని చాప దగ్గరికి లాక్కెళ్ళింది. "పడుకో" అంది. పడుకున్నాను. "కాళ్ళు చాపు. ఈ కాలు ఎవరిది? నీదేనా? మరి చాపవేం?" చాపాను. నా వీపు మీద జో కొడుతూ మొదలుపెట్టింది. "ఏనుగు పడుకుంది. బస్సులు పడుకున్నాయి. డ్రైవర్లు పడుకున్నారు. నువ్వొక్కదానివే ఏంటీ?" ఆ 'ఏంటీ'ని సాగదీయడం చూడాలి. ఎక్కడో విన్నట్టుందే అనుకుంటున్నాను. తలుపు దగ్గర మీ బావ నన్నే వేలితో చూపిస్తున్నాడు. "దొంగకళ్ళు! రెప్పలు కదిలాయి. మళ్ళీ మొదట్నించి" అంది పిల్ల.

నేను రోజూ ఇలా అనేదాన్నట. నాకు తెలీదురా. స్టూడియోలో ఇవేమీ అనలేదు. నిద్ర వేళకొచ్చేసరికి, బుద్ధిగా ఉండు, నాన్న మాట విను అని ఏవో పెద్ద పెద్ద మాటలు అన్నాను.

మళ్ళీ మొదట్నించి చెప్పింది. ఏనుగు, బస్సులు, డ్రైవర్లు. చెయ్యి లయగా పడుతోంది, చిన్న చెయ్యి. దాని గొంతే, దాన్లో నేను. నేను నిద్రపోయాననుకుని కాసేపటికి ఆపి, లేవబోయింది.

నేను కావాలనే రెప్ప కదిపాను.

అక్క